కుక్కకు పట్టా

మా గల్లీలో కుక్కను పెంచుకున్న ఇల్లు ఒక్కటీ లేదు. గడప ముందు కుక్క లేని ఇల్లూ ఒక్కటీ లేదు. విస్తట్లో మిగిలింది వాటికి పడేది, కొత్త మనిషి కనబడితే అవి మొరిగేవి. ఈ ఇచ్చిపుచ్చుకోవడంలో ‘ఇది నాది’ అనే మాట ఎక్కడా వచ్చేది కాదు. ఎవరైనా “గీ కుక్క మీదేనా?” అని అడిగితే, “మాది కాదు, మా దగ్గర ఉంటది” అనేవాళ్ళు.

ఆ రోజుల్లో సిద్దిపేటలో చాలా సంగతులకు అదే జవాబు. మా దుకాణంలో గుడ్డల మూటల వెనక ఉన్న జొన్నల సంగతి ఎవరైనా అడిగి ఉంటే బాపు కూడా అదే అనేవాడేమో. మావి కావు, మా దగ్గర ఉంటయి.

యుద్ధం ఎక్కడో సముద్రాల అవతల జరుగుతోంది. దాని ఆకలి మాత్రం మా దాకా నడిచి వచ్చింది. పల్లెల్లో పండినదాంట్లో సర్కారు లెవీ తీసుకునేది. బజారులో జొన్నలు దొరకడం కష్టం, దొరికినవాటిని దాచుకోవడం అంతకన్నా కష్టం. గుడ్డ మనిషి మానం కప్పడానికే కాదు, జొన్న బస్తాలు కప్పడానికి కూడా పనికొస్తుందని నేను దుకాణంలో కూర్చోవడం మొదలుపెట్టిన ఆ ఏడే తెలుసుకున్నాను. అప్పటికి నాకు పెళ్ళయి ఎక్కువ కాలం కాలేదు. ఉర్దూ బడిలో చదువుకున్నవాణ్ణి, గజంబద్ద పట్టుకోవడం నేర్చుకుంటున్నవాణ్ణి. రెండింటిలో ఏది ఎక్కువ వంకరగా పట్టుకునేవాణ్ణో బాపు తేల్చుకోలేకపోయేవాడు.

ఆ బస్తాల మూలంగా బాపుకు సర్కారు కచేరీ అంటే భయం, కచేరీ కాగితం అంటే ఇంకా భయం. “కాయితం ఒంటిగ ఉండది కొడుకా, పిల్లలు పెడతది” అనేవాడు. ఒకసారి మన పేరు ఒక కాగితం ఎక్కిందంటే, దానికి పుట్టిన కాగితాలన్నీ వరసగా ఇల్లు వెతుక్కుంటూ వస్తాయని ఆయన నమ్మకం.

మా పక్కిల్లు నేతపనివాళ్ళది. నూలు దొరకడం మానేశాక వాళ్ళు మగ్గం వదిలిపెట్టి సోలాపూరు బయలుదేరారు. సామాను బండి ఎక్కింది, పిల్లలు ఎక్కారు, ముసలమ్మను ఎత్తి కూర్చోబెట్టారు. వాళ్ళ ఎర్రకుక్క కూడా ముందుకాళ్ళు బండిమీద వేసింది. దాన్ని దింపేశారు. అది చాలా దూరం బండి వెంట పరుగెత్తిందట. సాయంత్రానికి తిరిగివచ్చి తాళం పడిన తలుపు ముందు కూర్చుంది. తాళం చూస్తే ఇల్లు ఖాళీ అని మనకు అర్థమవుతుంది. కుక్కకు అది తలుపుకు వేలాడే ఇనుపముక్క, అంతే. లోపల ఎవరో ఉన్నారనే అది అనుకునేది. ఎవరు తలుపు తీస్తారా అని అనుమానంగా, ఆశగా, చెవులు రెండు దిక్కులకూ పెట్టి కూర్చునేది.

దాన్ని మొదట పట్టించుకున్నది మా మేనత్త. బాపుకు అక్క. చిన్న వయసులోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. అత్తగారి భూమి మరుదుల పేర ఉండిపోయింది, పుట్టినిల్లు తమ్ముడి పేర ఉంది. ఆమె పేరు మీద మిగిలింది ఆమె పేరొక్కటే. దాన్నీ ఎవరూ వాడేవాళ్ళు కాదు. బాపుకు అక్క, అమ్మకు వదినె, నాకు అత్తమ్మ. ఆచారం ప్రకారం ఒక్కపూటే తినేది. నెమ్మది మనిషి. ఎవరేం చెప్పినా “సరే” అనేది. ఆమె ‘సరే’కు ‘కాదు’ అని అర్థమని తెలుసుకోవడానికి మా ఇంట్లో అందరికీ ఏళ్ళు పట్టింది.

ఒకనాడు అంగట్లో పిచ్చికుక్క ఒకటి ఒక దూడనూ, దూడను పట్టుకొచ్చిన రైతునూ కరిచింది. అది జరిగిన కొన్నాళ్ళకే మా గల్లీలో డప్పు మోగింది. మధ్యలో నిలబడి డప్పు మనిషి గొంతెత్తాడు.

“ఇనుండ్రి, ఇనుండ్రి! కచేరి హుకుం! పట్టా లేని కుత్తాలను వచ్చే అంగడి తెల్లారి సర్కారోల్లు పట్టుకపోయి సంపుతరు! పట్టా ఉన్నయి ఉంటయి, లేనియి పోతయి! నాకు తెల్వదంటె నడువది!”

డప్పు ముందుకు కదిలింది. గల్లీ కదల్లేదు.

భూమికి పట్టా ఉంటుంది, ఇంటి జాగాకు పట్టా ఉంటుంది. పట్టా అంటే ఇది ఫలానా ఆసామిది అని కచేరీ రాసిచ్చే కాగితం. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి మేము విన్న పట్టా అదొక్కటే.

“కుక్కకు పట్టా ఏందిర?” అన్నాడు ఎదురింటి వడ్లాయన. ఆయన కొయ్యపని చేసుకుంటుంటే పొట్టులో ఒక నల్లకుక్క పడుకుని ఉండేది. “నాకే జాగ పట్టా ఇంక చేతికి రాలె. నాకంటె ముందు దీనికొస్తదా?”

బాపు దుకాణం మెట్టుమీద నుంచి గొంతు తగ్గించి అన్నాడు. “నవ్వులు కావు. ఇయ్యాల కుక్కకు పట్టా అంటరు. రేపు పట్టాకు పన్ను అంటరు. ఎల్లుండి, నీ కుక్కకు ఏం పెడుతున్నవు, రొట్టె పెడుతున్నవా, ఆ రొట్టెకు జొన్నలు యాడియి అంటరు. కుక్క తోకవట్టుకోని ఇంట్లకొస్తరు.”

ఆ మాటతో గల్లీలో నవ్వు ఆగిపోయింది. దాచుకున్నది మా ఇంట్లోనే కాదన్నమాట.

ఇంతలో ఎవరో, కచేరీ రాత అంతా ఉర్దూలోనే కదా, ఆ ఉర్దూ వచ్చినవాణ్ణి నేనున్నానని గుర్తు చేశారు. అందరూ నా వైపు తిరిగారు. నా ఉర్దూ మా దుకాణంలోని గుడ్డలాంటిది. గజాలకొద్దీ ఉంది, ఒక్క ముక్కా ఒంటికి కుట్టించుకున్నది కాదు. అయినా గొంతు సవరించుకుని, “హుకుంలో పట్టా అంటే పట్టాయే. ఇంకో అర్థం నేను చదువుకోలేదు” అన్నాను. రెండో మాట మాత్రం నిజం.

అడిగి రమ్మని నన్నే పంపారు. టాంగా అడ్డా దగ్గర పరిచయమున్న టాంగావాలా ఒకాయన ఉండేవాడు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే మనిషి. గుర్రానికి గడ్డి వేస్తున్నాడు.

“భాయ్, కుక్కకు పట్టా అంటున్నరు. పట్టా అంటే ఏంది?”

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. “ఏంది సేటు, పరాచికమా? పట్టా అంటే పట్టాయే గద!”

“అదే, పట్టాయే అనుకో. యాడ ఇస్తరు?”

“ఇచ్చుడేంది? బజార్ల దొరుకుతది. అగ్గువకే.”

నేను విన్నది విన్నట్టు తెచ్చి గల్లీలో చెప్పాను. గల్లీ గుండె జారిపోయింది. సర్కారు కాగితం బజారులో అగ్గువకు దొరుకుతోందట!

“సూసినవా?” అన్నాడు బాపు. “అంత అగ్గువకు అమ్ముతున్నరంటె, తర్వాత ఎంత గుంజుతరో!”

వడ్లాయన ఊరుకోలేక పట్వారీ దగ్గరికి పోయాడు. కుక్క పట్టా కావాలని అడిగితే పట్వారీ అనుమానంగా చూశాడట. ఎవరో తనను ఆటపట్టించడానికి పంపారనుకున్నాడో, తనకు తెలియని హుకుం ఏదో వచ్చిందనుకున్నాడో. తెలియదని ఒప్పుకుంటే పట్వారీతనం ఏం కావాలి! “ఇంక ఆర్డరు రాలె. వచ్చినంక సూద్దాం” అన్నాడట.

“ఇంక రాలె అన్నడంటె వస్తదన్నట్టే గద!” అన్నాడు బాపు.

దాంతో తేలిపోయింది. ఆ సాయంత్రం నుంచే గడపల ముందున్న కుక్కలను కర్రలతో తరమడం మొదలైంది. ఎవరి గడప ముందు కుక్క పడుకుంటే వాడే ఆసామి అవుతాడని భయం. నిన్నటిదాకా రొట్టె విసిరిన చెయ్యే ఇవాళ రాయి విసిరితే కుక్కకేం తెలుస్తుంది? అవి కాస్త దూరం పోయి, వెనక్కి తిరిగి, తోకలు సగం ఊపి చూసేవి. పొరపాటున కొట్టారేమో, పిలుస్తారేమో అన్నట్టు. గల్లీ జవాబు మారిపోయింది. “మాది కాదు, మా దగ్గర ఉండది.”

మా అత్తమ్మ నన్ను బావి దగ్గర ఆపింది. “కొడుకా, గా ఎర్రదాన్ని గూడ సంపుతరా?”

“పట్టా లేదు గద అత్తమ్మా. ఆసామి సోలాపూర్ల ఉండె.”

ఆమె చేదను బావిలోకి వదిలింది. “అంగడి ఎన్నడు?” అని మాత్రం అడిగింది.

అప్పటి నుంచి మా ఇంట్లో ఒక అనుమానం మొదలైంది. గుల్లబుట్టలో పెట్టిన రొట్టెలు తగ్గుతున్నాయని అమ్మ గమనించింది. అమ్మ నా భార్యను అనుమానించింది, నా భార్య నన్ను అనుమానించింది. నేను తిండిపోతునని ఆమెకు అప్పటికే తెలిసిపోయింది కాబట్టి అది పెద్ద అవమానమేమీ కాదు. బాపు మాత్రం అక్కను అనుమానించాడు. పొద్దు వాలే వేళ కొంగు కింద ఏదో పట్టుకుని ఆమె పెరటి దారిన పోవడం ఆయన చూశాడు.

“ఎవ్వలకో అన్నం మోస్తున్నది” అన్నాడు నాతో, మూట విప్పుతున్నట్టు నటిస్తూ. “ఎవ్వలకో ఏమో. ఇసొంటి దినాలల్ల అన్నం మోసుడు మంచిది కాదు. ఎనుక పోయి సూడు. నువ్వు పోతున్నట్టు తెల్వద్దు.”

నాకు దొంగచాటుగా నడవడం రాదు. నా చెప్పులు నాకన్నా ముందు వచ్చి కబురు చెప్పేవి. చెప్పులు చేతిలో పట్టుకుని, పల్లేరుకాయలు గుచ్చుకుంటుంటే పెదవి కొరుక్కుంటూ అత్తమ్మ వెనక పోయాను. ఆమె నేతపనివాళ్ళ పెరటి తలుపు తోసి లోపలికి పోయింది. ఆ తలుపు గడియ ఎప్పుడో ఊడిపోయింది. మేము ముందు తలుపు తాళాన్నే చూసి ఇల్లు మూసి ఉందనుకుంటున్నాం.

లోపల మగ్గం లేదు, మగ్గం గుంట ఉంది. నేసేవాడు కాళ్ళు దింపి కూర్చునే గుంట. దాంట్లో, చిరిగిన గోనె మీద ఎర్రకుక్క పడుకుని ఉంది. దాని పొట్టకు కళ్ళు తెరవని పిల్లలు అతుక్కుని ఉన్నాయి. అత్తమ్మ గట్టున కూర్చుని రొట్టెను నీళ్ళలో నానబెడుతోంది.

“వచ్చినవా?” అంది వెనక్కి తిరగకుండానే. “చెప్పులు తొడుక్కో, ముల్లు ఇరుగుతది.”

నేను చెప్పులు తొడుక్కున్నాను.

“ఇది పోతె గియ్యి బతుకుతయా కొడుకా?” అని అడిగింది. నా దగ్గర జవాబు ఉందని కాదు. అడగడానికి అక్కడ ఇంకెవరూ లేరు.

ఇంటికి వచ్చి బాపుతో, అత్తమ్మ పక్కింటి తులసికి నీళ్ళు పోస్తోందని చెప్పాను.

“తులసికి రొట్టె పెడుతున్నదా?” అన్నాడు బాపు.

నిజం బయటపడింది. బాపు వంటింటి గడప దగ్గర నిలబడ్డాడు. అక్కతో మాట్లాడాలంటే ఆయన ఎప్పుడూ ఆ గడప దాటేవాడు కాదు.

“అక్కా, కుక్కను ఇడిసిపెట్టు. మనం అన్నం పెడితె మనదే అంటరు. మనదంటె పట్టా అంటరు. పట్టా అంటె ఇంట్లకొస్తరు. ఇంట్ల ఏమున్నదో నీకు తెలుసు.”

“సరే తమ్మీ” అంది అత్తమ్మ.

బాపు ఊపిరి పీల్చుకున్నాడు. అమ్మా, నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

అంగడికి ముందురోజు కచేరీ జవాను ఒకడు మా దుకాణానికి వచ్చాడు. అతన్ని చూడగానే బాపు కూర్చున్నచోటే కాస్త వెనక్కి జరిగి జొన్నల మూలకు అడ్డంగా కూర్చున్నాడు.

“సేటూ, మంచాలకు అల్లే నవారు ఉన్నదా? గట్టిది కావాలె. సాబ్ కుక్క పట్టా తెగింది.”

బాపు జాగ్రత్తగా అడిగాడు. “చినిగిందా?”

“చినుగలె. తెగింది.”

“నకలు తీసుకుంటె కాదా?”

“నకలేంది?” జవానుకు అర్థం కాలేదు. “కొత్తది కుట్టియ్యాలె.”

“పట్టాను కుట్టిస్తరా?”

“మరి అతికిస్తరా? ఒక మూర ఇయ్యి సేటు, గిట్ల మెడకు సుట్టి” అంటూ అతను తన మెడ చుట్టూ వేలు తిప్పి, గొంతు కింద ముడి వేసి చూపించాడు. “గిది గద పట్టా!”

నాలో గజాలకొద్దీ పడి ఉన్న ఉర్దూ ఒక్కసారిగా కదిలింది. మెడకు కట్టే పటకా! టాంగావాలా చెప్పింది నిజమే. పట్టా అంటే పట్టాయే, బజారులో అగ్గువకే దొరుకుతుంది. మేము కుక్క మెడలో చూడవలసినదాన్ని పట్వారీ కాగితాల బస్తాలో వెతికాం.

జవాను పోగానే నేను బాపుకు చెప్పాను. ఆయన నవ్వుతాడనుకున్నాను. కళ్ళు చిన్నవి చేసి ఆలోచించాడు.

“తాడు అయితె తాడే అనొచ్చు గద. పట్టా అని ఎందుకన్నరు? దాంట్ల ఏదో మతలబున్నది.”

గల్లీకి చెప్పాను. గల్లీ కూడా బాపు బడిలోనే చదువుకుంది. “తాడే కావచ్చు తియ్యి” అన్నాడు వడ్లాయన, పొట్టులోకి మళ్ళీ దూరిన నల్లకుక్కను కాలితో తోస్తూ. “కని తాడు కట్టినోడు ఎవడో వాడే ఆసామి అయితడు. నేను కట్ట. నువ్వు కడుతవా?”

నేనూ ఒప్పుకోలేదు. ఇంతమంది అనుమానం ముందు నా ఒక్కడి తెలివి ఏపాటిది?

మరునాడు అంగడి అయిపోయింది. ఆ మర్నాడు కోడి కూసే వేళకు అత్తమ్మ నన్ను లేపింది. అప్పటికే స్నానం చేసి తల ముడేసుకుని ఉంది. “కొడుకా, గా నవారు చుట్ట ఇంక మిగిలిందా?”

“ఎర్రదానికా అత్తమ్మా?”

“ఒక్కదానికి కడితె గల్లీ అంత మనదిక్కే సూస్తది. అన్నిటికి కడితె ఎవ్వలు ఎవ్వల్ని సూడాలె?”

ఇంత లెక్క మా అత్తమ్మకు వస్తుందని నాకు తెలియదు. అనుమానం ఒక్కరి మీద పడితే బరువు, అందరికీ పంచితే తేలిక. నేను నవారు ముక్కలు కోశాను. గజంబద్ద లేకుండా కోసినందుకు ఒకటి పొట్టి, ఒకటి పొడుగు వచ్చాయి. మేమిద్దరం మసక వెలుతురులో గల్లీలోకి దిగాం. రాళ్ళు తిన్న కుక్కలు కదా, నేను దగ్గరికి పోతే పళ్ళు చూపించాయి. వాటికి నా మీద ఉన్న అభిప్రాయం మా బాపుకు ఉన్నదాని కంటే పెద్ద తేడాగా లేదు. చివరికి పని ఇలా పంచుకున్నాం. నేను దూరంగా నిలబడి రొట్టె చూపించాలి, అత్తమ్మ దగ్గరికి పోయి కట్టాలి. ఆమె “రా బిడ్డా, రా” అనగానే మెడ వంచి నిలబడ్డాయి. ఎర్రదానికి మాత్రం ముడి వదులుగా వేసింది. “పాలిచ్చే తల్లి, బిగువు వద్దు” అంది.

తెల్లవారింది. తలుపులు తెరుచుకున్నాయి. ప్రతి గడప ముందూ మెడలో నవారు పట్టాతో ఒక కుక్క! మొదట చూసిన వడ్లాయన భార్య కెవ్వున అరిచింది.

“కచేరోల్లే చీకట్ల వచ్చి కట్టిన్రు!” అన్నాడు వడ్లాయన. “ఏ కుక్క ఎవ్వల గడప ముంగట ఉన్నదో గుర్తువెట్టుకపోయిన్రు. ఇప్పుడు!” గబగబా పోయి నల్లదాని మెడలో ముడి విప్పబోయాడు.

ముడి సగం విడిందో లేదో బండి వచ్చింది.

ఎడ్లబండి మీద ఇనుప జాలీ పెట్టె. అప్పటికే దాంట్లో వేరే గల్లీల కుక్కలు ఉన్నాయి. అవి మొరగడం లేదు, అదే భయం వేసింది. ఇద్దరు మనుషుల చేతుల్లో కర్ర కొసలకు ఉరితాళ్ళు ఉన్నాయి. ముందు కచేరీ జమాదారు నడుస్తున్నాడు. ఆయన గల్లీలోకి వచ్చి మెడ పట్టాలను చూసి ఆగిపోయాడు. ఊరంతా తిరిగి వచ్చినవాడికి అన్ని కుక్కలకూ పట్టా ఉన్న గల్లీ ఇదొక్కటే కనబడిందేమో, వెంటనే అనుమానం వచ్చింది.

“అన్నిటికి ఒక్క తీరు నవారే! ఎవడు కట్టిండు? పట్టా ఉంటె సాలదు, ఆసామి ఉండాలె. గీ నల్లది ఎవ్వలది?”

వడ్లాయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. “నాది కాదు.”

“ఆ తెల్లది?”

“మాది కాదు” అంది మూడో ఇల్లు. కిటికీలు మూసుకున్నాయి. బాపు దుకాణం మెట్టుమీద నిలబడి నవారు చుట్టను కాలితో మెల్లగా లోపలికి తోస్తున్నాడు. అప్పుడు నా వైపు చూశాడు. ఆ చూపులో అనుమానం లేదు. ఆయనకు అంతా తెలిసిపోయింది.

ఇంతలో పెట్టెలో కుక్కల వాసనకో, మనుషుల గొంతులకో నేతవాళ్ళ ఇంటిముందు ఎర్రది లేచి నిలబడి మొరిగింది. దాని వెనక ఇంట్లోంచి సన్నగా పిల్లల అరుపులు వినబడ్డాయి. జమాదారు చెయ్యి ఊపాడు. ఉరితాడు ఎర్రదాని మెడలో పడింది. అది వెనక్కి గుంజుకుంది, అరవలేదు.

“ఇడువుండ్రి. అది నాది.”

అత్తమ్మ గల్లీ మధ్యకు వచ్చింది. పరాయి మగవాళ్ళ ముందు ఆమె మాట్లాడటం నేను అంతకు ముందు ఎన్నడూ వినలేదు.

“నీదా? ఏ ఇంటిదానివమ్మా? ఇంటాయన ఎవ్వలు?”

బాపు మెట్టుమీద ఒక అడుగు వెనక్కి వేశాడు.

“ఇంటాయన ఎందుకు? ఇల్లు మా తమ్మునిది, కుక్క నాది. తమ్మునికి కుక్కతోని సమ్మందం లేదు, కుక్కకు తమ్మునితోని సమ్మందం లేదు.”

“ఏం పెడుతున్నవు మరి దీనికి?” అన్నాడు జమాదారు.

బాపు ఎన్నాళ్ళ నుంచో భయపడుతున్న ప్రశ్న అది. అక్షరం పొల్లుపోకుండా వచ్చింది. మెట్టు పక్కన గుంజను పట్టుకున్నాడు.

“జొన్నరొట్టె” అంది అత్తమ్మ.

‘జొన్న’ అన్న మాట గల్లీలో బాంబులా పడింది. మూసిన కిటికీల వెనక కూడా ఎవరో దగ్గారు.

“యాడియి జొన్నలు?”

“యాడియేంది? నా రొట్టె అది. మొగడు పోయినకాన్నుంచి ఒక్కపూటే తింటున్న. రెండో పూటది ఇన్నేండ్ల సంది ఎవ్వలు తిన్నరని నువ్వు అడిగినవా? ఇప్పుడు ఇది తింటున్నది. నా నోటికాడిది నేను ఇస్తున్న. దానికి గూడ లెవీ ఉన్నదా?”

జమాదారు కర్ర పట్టుకున్నవాడి వైపు తిరిగాడు. ఆయన ఇంట్లోనూ అలా ఒక్కపూట తినే తల్లో అక్కో ఉండే ఉంటుంది. “ఇడువుర” అన్నాడు మెల్లగా. ఉరితాడు వదులైంది. ఎర్రది ఆమె కాళ్ళ వెనక్కి పోయింది.

బండి కదలబోయింది. జమాదారుకు మళ్ళీ ఉద్యోగం గుర్తొచ్చింది. “సరే, అది నీది. మరి గీ నల్లది? ఆసామి లేకుంటె తీసుకపోవుడే.” ఉరికర్ర నల్లదాని వైపు తిరిగింది.

వడ్లాయన పొట్టులో పడుకున్న కుక్కను చూశాడు, కర్రను చూశాడు, అత్తమ్మను చూశాడు. “అది గూడ... ఆ అమ్మదే” అన్నాడు.

“తెల్లది?”

“ఆమెదే!” అంది మూడో ఇల్లు, కిటికీ కొంచెం తెరిచి.

“గా మచ్చలది?”

“ఔ ఔ, గదీ ఆమెదే. మేం రోజు సూస్తం గద!” గల్లీ అంతా ఒక్కసారిగా సాక్ష్యానికి లేచింది. ఒకరినొకరు నమ్మని మనుషులు అంత ఒక్క గొంతుతో మాట్లాడటం నేను మళ్ళీ చూడలేదు.

జమాదారు అత్తమ్మ వైపు తిరిగాడు. “అన్నీ నీవేనా అమ్మా?”

“నా పేరు మీద ఇంకేం లేదు బిడ్డా. గివన్న ఉండనీ.”

ఆయన తలపాగా సర్దుకుని, నవ్వు దాచుకుని బండిని పక్క గల్లీకి మళ్ళించాడు. కాసేపటికి అటునుంచి అరుపులు వినబడ్డాయి. అత్తమ్మ చెవులు మూసుకోలేదు, అక్కడే నిలబడి విన్నది. తర్వాత నవారు చుట్ట ఇంకా ఎంత మిగిలిందని నన్ను అడిగింది. మా తెలివి అప్పటికి మా గల్లీ దాటలేదు. ఆమెది దాటాలనుకుంది.

తర్వాతి రోజుల్లో ఆమె ఏం చేసిందో చెప్పాలంటే పెద్ద పనులేమీ కావు. ఏ గల్లీలో పట్టా లేని కుక్క కనబడినా ఒక నవారు ముక్క కట్టేది. పుండు పడితే పసుపు, ఆముదం రాసేది. ఇల్లు వదిలి వలస పోయేవాళ్ళు కనబడితే బండి దగ్గరికి పోయి, “కుక్కను ఎవ్వలకు అప్పజెప్పి పోతున్రు?” అని అడిగేది. అడిగాక తలవంచుకుని పోవడం ఎవరికైనా కష్టమే. కుక్కపిల్లల్లో ఒకదాన్ని టాంగావాలా తీసుకున్నాడు. దాని మెడకు చిన్న తోలు పటకా కట్టి, ప్రత్యేకంగా మా దుకాణం ముందు ఆగి నాకు చూపించాడు. “సేటూ, సూసినవా? పట్టా అంటే పట్టాయే!”

గల్లీ కూడా మారింది, కాని తన పద్ధతిలోనే. పొద్దు వాలాక ఎవరో ఒకరు ఆకు కప్పిన గిన్నె తెచ్చి మా గడప మీద పెట్టి, “మీ కుక్కకు” అని చెప్పి చుట్టూ చూసి వెళ్ళిపోయేవాళ్ళు. వడ్లాయన కూడా తెచ్చేవాడు. తన పొట్టులో పడుకున్న నల్లదాన్ని దాటుకుని మా ఇంటికి వచ్చి, దాని తిండి మాకు అప్పజెప్పి పోయేవాడు. నేరుగా పెడితే ఆసామి అయిపోతాడు కదా!

బాపు మాత్రం నెలల తరబడి ఎర్రదాని వైపు చూడలేదు. ఎండాకాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం దుకాణంలో ఎవరూ లేని వేళ నేను లోపలి నుంచి వచ్చేసరికి ఆయన మెట్టు దిగి, పగిలిన కుండ పెంకులో చెంబుతో నీళ్ళు పోస్తున్నాడు. నన్ను చూసి ఉలిక్కిపడ్డాడు.

“కాకులకు” అన్నాడు.

ఎర్రది నీడలోంచి లేచి వచ్చింది. నీళ్ళ ముందు ఆగి, పెంకు చుట్టూ ఒకసారి వాసన చూసింది. తర్వాత తలెత్తి బాపును చూసింది. చాలాసేపు చూసింది. ఆయన కూడా దాన్నే చూస్తున్నాడు. మా బాపు ఎవరిమీదైనా అనుమానపడితే ఎలా చూసేవాడో, సరిగ్గా అలాగే చూస్తోంది అది.

చివరికి బాపే ముఖం పక్కకు తిప్పుకున్నాడు. అప్పుడు తాగింది.